రాజీనామాకు ముందు: ఆన్‌లైన్ స్పేస్ గేమ్ మార్కెట్‌ను ఎలా చూడాలి

అప్రైజల్ అయిపోయి బోనస్ ఖాతాలో పడగానే బెంగళూరులో రాజీనామాలు ఎక్కువవుతాయి. మారతహళ్లి, బెల్లందూరు వైపు ఉండే మనవాళ్లలో కొందరు సొంత గేమ్ తీయాలని బయటికొచ్చేది కూడా అప్పుడే. ఆన్‌లైన్‌లో పదిమందీ కలిసి ఆడే స్పేస్ గేమ్ తీయాలనేది వీళ్లలో చాలామంది కోరిక. మంచి కోరికే. కానీ ఇంటి ఈఎంఐ నడుస్తూ, ఊళ్లో అమ్మానాన్నలు మీ జీతం మీదే ఉంటే, మెయిల్ పంపే ముందు మార్కెట్‌ను గట్టిగా చూడాలి.

అన్నిటికంటే ముందు తేల్చుకోవాల్సింది: రాత్రి పదింటికి మీ ఆటలో ఒకేసారి ఎంతమంది ఉంటారు? ఎన్ని కాపీలు అమ్ముడవుతాయన్నది దీని తర్వాతే. ఒంటరిగా ఆడే గేమ్ వెయ్యిమంది కొన్నా, వెయ్యిమందికీ పూర్తిగా అందుతుంది. మల్టీప్లేయర్ అలా కాదు. ప్రపంచమంతా కలిపి 300 మంది ఆన్‌లైన్‌లో ఉన్నారనుకోండి. ఆసియా, యూరప్, అమెరికా అని మూడు సర్వర్లు పెడితే సర్వరుకు వంద. రెండు మోడ్‌లు ఉంటే యాభై. అందులో ఎక్కువమంది అప్పటికే మ్యాచ్‌లో ఉంటారు. ఐదుగురితో ఐదుగురు తలపడే ఆటైతే, కొత్తగా వచ్చినవాడు పదిమంది పోగయ్యేదాకా కూర్చోవాలి. మూడు నిమిషాలు చూసి మూసేస్తాడు. కొని 14 రోజులు దాటకుండా, ఆడింది రెండు గంటల్లోపే అయితే, పీసీ గేమ్‌లు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో డబ్బు కూడా వెనక్కి తీసుకోవచ్చు. అతను వెళ్లిపోతే తర్వాత వచ్చినవాడు ఇంకాసేపు కూర్చోవాలి. ఖాళీగా ఉన్న హోటల్లోకి ఎవరూ అడుగుపెట్టనట్టే, మ్యాచ్ కోసం ఎదురుచూసే లాబీ ఖాళీగా ఉంటే ఎవరూ ఆగరు.

డబ్బున్నా ఈ ప్రమాదం తప్పదు. సోనీ 2024 ఆగస్టు 23న విడుదల చేసిన కాంకార్డ్ కథ అంతరిక్షంలోనే జరుగుతుంది. ఆడేవాళ్లు లేక సెప్టెంబర్ 6న ఆపేసి, కొన్నవాళ్లకు డబ్బు తిరిగిచ్చేశారు. అమాంగ్ అస్ కూడా అంతరిక్ష నౌకలో జరిగే ఆటే. 2018లో వచ్చినా, 2020 లాక్‌డౌన్ల ఏడాదిలో గానీ జనం దాని మీద పడలేదు. తీసింది చిన్న బృందం కాబట్టి అన్నాళ్లు నిలబడగలిగింది. మీ పొదుపు ఎన్ని నెలలొస్తుందో లెక్కేసేటప్పుడు ఈ రెండిటినీ పక్కపక్కన పెట్టి చూడండి.

అంకెలు చూసేటప్పుడు తొందరపడకండి. స్టీమ్‌డీబీ అనే వెబ్‌సైట్‌లో, స్టీమ్‌లోని ఏ గేమ్‌ని ఇప్పుడు ఎంతమంది ఆడుతున్నారో ఉచితంగా కనిపిస్తుంది. విడుదల రోజు కనిపించే పెద్ద అంకెను వదిలేసి, ఏడాది తర్వాత మామూలు మంగళవారం ఎంతమంది ఉన్నారో రాసుకోండి. అయితే వేలమంది కలిసి ఆడే స్పేస్ గేమ్ ఈవ్ ఆన్‌లైన్‌కి, స్టీమ్ లేకుండానే ఆట తెరిచే సొంత లాంచర్ ఉంది. కాబట్టి స్టీమ్‌లో కనిపించేది అందులో కొంతే. స్టార్ సిటిజన్ అనే ఇంకో స్పేస్ గేమ్ స్టీమ్‌లో అసలు లేదు. 2012 నుంచి అది ఆటగాళ్ల దగ్గరే 70 కోట్ల డాలర్లకు పైగా పోగుచేసింది. ఆ అంకె చూసి స్పేస్ గేమ్‌లకు ఇంత గిరాకీ ఉందా అని మురిసిపోవద్దు. ఆ డబ్బు ఒక్క గేమ్ మీద నమ్మకంతో పెట్టింది. మీ దగ్గరికి రాదు. మూతబడ్డ గేమ్‌ల జాబితా కూడా తయారుచేసుకోండి. ఎర్త్ అండ్ బియాండ్ 2002లో వచ్చి 2004లోనే ఆగిపోయింది. స్టార్ వార్స్ గెలాక్సీస్‌కి అంత పేరున్నా 2011 డిసెంబర్‌లో మూసేశారు. నా దృష్టిలో బతికున్నవాటికంటే ఈ జాబితాయే ఎక్కువ నేర్పుతుంది.

ఆఫీసులో పక్క సీటువాళ్లను అడిగితే "సూపర్ బ్రో, కచ్చితంగా ఆడతా" అంటారు. మొహమాటం మనకు కొంచెం ఎక్కువే. "ఆడతావా?" అని అడగకండి. "పోయిన నెల ఏ గేమ్‌కి ఎంత ఖర్చుపెట్టావు? ఎవరితో కలిసి ఆడావు? ఎందుకు మానేశావు?" అని అడగండి. గేమింగ్ ల్యాప్‌టాప్ ఉన్న మీ టీమ్‌ను చూసి దేశం మొత్తాన్ని అంచనా వేయొద్దు. అనంతపురంలోనో ఒంగోలులోనో ఉన్న మీ తమ్ముడు ఆడేది ఫోన్‌లో, అదీ ఉచితంగా వచ్చేవే.

ఇంతమందిని పోగుచేయలేమనిపిస్తే ఆటనే మార్చుకోవచ్చు. నలుగురు స్నేహితులు కలిసి శత్రు నౌకల మీదికి వెళ్లే ఆటకు బయటివాళ్లు అక్కర్లేదు. 2002లో వచ్చిన స్పేస్ గేమ్ ఓగేమ్‌లో ఎదుటివాడు నిద్రపోతున్నా మీ నౌకాదళం బయల్దేరుతుంది. ఇద్దరూ ఒకేసారి ఆన్‌లైన్‌లో ఉండాల్సిన పనే లేదు. చిన్న బృందాలకు నేను గట్టిగా చెప్పేది ఈ దారే. ఈవ్‌లా వేలమందిని ఒకే విశ్వంలో పెట్టడం దాన్ని తీసిన ఐస్‌లాండ్ కంపెనీ 2003 నుంచి చేస్తున్న పని. పెద్ద యుద్ధాల్లో సర్వర్ తట్టుకోవడానికి వాళ్లు ఆటలోని కాలాన్నే పదో వంతు వేగానికి తగ్గించాల్సి వస్తుంది.

పందెం పెట్టించి డబ్బు సంపాదించే ఆలోచన ఉంటే వదిలేయండి. 2025 ఆగస్టులో వచ్చిన కేంద్ర చట్టం గెలిస్తే డబ్బొస్తుందని ఆశపెట్టి డబ్బు కట్టించుకునే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. అది నైపుణ్యమా అదృష్టమా అన్న తేడా చూడదు. ఆటలో కొన్న నాణేలను మళ్లీ రూపాయలుగా మార్చుకునే వీలు పెట్టేముందు తప్పకుండా లాయర్‌ను కలవండి. మీ ఆఫర్ లెటర్‌లో ఉద్యోగంలో ఉండగా రాసిన కోడ్ ఎవరిదో చెప్పే నిబంధన ఉంటుంది, అది చదవండి. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో ఒక్క లైను కూడా రాయకండి. గేమ్ తయారుచేసే సాఫ్ట్‌వేర్, అంటే ఇంజిన్, షరతులు కూడా చూసుకోండి. 2023లో యూనిటీ అనే ఇంజిన్ కంపెనీ ఇన్‌స్టాల్‌కి ఇంత అని ఫీజు ప్రకటించి, గొడవయ్యాక 2024లో వెనక్కి తీసుకుంది. ఆ ఏడాది చిన్న స్టూడియోలు పడ్డ టెన్షన్ అంతా ఇంతా కాదు.

స్టీమ్‌లో పేజీ పెట్టడానికి గేమ్‌కి 100 డాలర్లు. ఉద్యోగంలో ఉండగానే అది కట్టి పేజీ తెరవండి. స్టీమ్ ప్లేటెస్ట్ సదుపాయంతో ముడి నమూనాను ఆడించి చూడొచ్చు. రాబోయే గేమ్‌ల డెమోలను స్టీమ్ చూపించే నెక్స్ట్ ఫెస్ట్‌లో ఒక గేమ్‌కి ఒక్కసారే అవకాశం, కాబట్టి సగం సగం డెమోతో అందులోకి వెళ్లకండి. వరుసగా కొన్ని శనివారాలు రాత్రి పదింటికి పరీక్ష పెట్టండి. మీరు ఫోన్ చేసి పిలవకుండా ఎంతమంది వచ్చారు, రెండో వారం ఎంతమంది తిరిగొచ్చారు అన్నది చూడండి. ఎంతకంటే తగ్గితే ఉద్యోగం మానకూడదో ఆ అంకెను ముందే కాగితం మీద రాసి, ఇంట్లోవాళ్లకు చూపించి, మొదటి పరీక్ష అప్పుడు పెట్టండి.