రోహిణి కార్తె ఎండల్లో గులాబీని వానల దాకా నిలబెట్టుకోవడం

చంద్రపూర్, బల్లార్‌పూర్, రాజూరాల నుంచి ప్రాణహిత ఒడ్డున ఉన్న సిరోంచ దాకా, మహారాష్ట్ర అంచున ఉన్న మన తెలుగువాళ్ళ వాకిళ్ళలో గులాబీ నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు ఎవరు పెంచినా పూస్తుంది. అసలు పరీక్ష మే రెండో వారంలో కృత్తిక కార్తెతో మొదలై, మృగశిర దాటి నిజంగా వాన పట్టేదాకా సాగుతుంది. మనం రోహిణి కార్తె అని, ఇరుగుపొరుగు మరాఠీవాళ్ళు నవతపా అని చెప్పుకొనే మే 25 తర్వాతి రోజుల్లో పగటి ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటడం ఇక్కడ వింత కాదు. గులాబీకి ఇష్టమైన వాతావరణం సుమారు 15 నుంచి 28 డిగ్రీల మధ్య ఉంటుంది. అంటే ఈ ఐదారు వారాలు మొక్క పెరగడానికి కాదు, ప్రాణం నిలబెట్టుకోవడానికి మాత్రమే పాకులాడుతూ ఉంటుంది. ఆ సంగతి ఒప్పుకొని, పూల మీద ఆశ వదులుకొని, వేళ్ళను, ముదురు కొమ్మలను కాపాడుకోవడమే ఈ కాలంలో మనం చేయగలిగిన సేద్యం.

ఎండ తీవ్రమైనప్పుడు ఆకులు నీటిని పోగొట్టుకోకుండా ఉండేందుకు తమ సూక్ష్మరంధ్రాలను మూసుకుంటాయి. అవి మూసుకుంటే ఆహారం తయారుకావడం కూడా తగ్గుతుంది. రాత్రి సైతం వేడిగా ఉండడంవల్ల పగలు తయారైన ఆ కొద్దిపాటి ఆహారం శ్వాసక్రియకే ఖర్చయిపోతుంది. ఇటువంటి స్థితిలో కొమ్మలు కత్తిరించినా, యూరియా వేసినా, మొగ్గలను ఉంచినా మొక్క తన నిల్వల్లోంచి తీసి కొత్త చిగురుకు, పువ్వుకు పెట్టవలసి వస్తుంది. ఆ చిగురు రెండు రోజుల్లో మాడిపోతుంది, పువ్వు రేకులు తగ్గి, రంగు వెలిసి, గుండీ అంత విచ్చుకొని సాయంత్రానికి వాడిపోతుంది, పెట్టిన నిల్వ మాత్రం తిరిగి రాదు. మేలో చనిపోయిన గులాబీలలో చాలావాటికి ఎండకన్నా ముందు యజమాని శ్రద్ధే తగిలి ఉంటుందని నా అభిప్రాయం.

నీటి సంగతి

ఈ ప్రాంతంలో నేలలో పెట్టిన గులాబీ ఎక్కువగా నల్లరేగడిలో ఉంటుంది. నల్లరేగడి తడిసినప్పుడు ఉబ్బుతుంది, ఎండినప్పుడు కుంచించుకుపోయి నెర్రెలు విచ్చుతుంది. ఆ నెర్రెల్లో వేళ్ళు తెగుతాయి, వాటిగుండా వేడిగాలి లోపలికి దూరి అడుగు తేమను సైతం పీల్చేస్తుంది. బాగా ఎండిన రేగడిలో పైపుతో ధారగా నీళ్ళు పెడితే ఆ నీరంతా నెర్రెల దారిన అడుగుకు జారిపోతుందే తప్ప వేళ్ళ చుట్టూ ఉన్న గడ్డలను తడపదు. అందుకే ముందుగా పాదు పైపొరను రెండు అంగుళాల లోతున మెల్లగా గుల్లచేసి, నెర్రెలను ఆ పొడిమట్టితోనూ మాగిన పశువుల ఎరువుతోనూ పూడ్చాలి. ఆ తర్వాత మొదలుకు జానెడు దూరంలో గుండ్రంగా పాదు కట్టి, సన్నటి ధారతో అరగంట సేపు నీళ్ళు పారించాలి. డ్రిప్పు ఉన్నవాళ్ళు గంటకు 4 లీటర్ల డ్రిప్పర్లు రెండు, మొక్కకు అటూ ఇటూ పెట్టుకుంటే సరిపోతుంది. ఇలా నిండుగా తడిపిన మొక్కకు రెండు మూడు రోజుల దాకా మళ్ళీ నీళ్ళు అక్కర ఉండదు. రోజూ చెంబెడు నీళ్ళు చల్లితే పైవేళ్ళు మాత్రమే పెరుగుతాయి, పైమట్టి కాగినప్పుడు ముందు మాడిపోయేవి కూడా ఆ వేళ్ళే.

నీళ్ళు పెట్టవలసిన వేళ తెల్లవారుజాము, ఆలస్యమైనా ఏడు గంటల లోపు. ఎండలో పరచుకొని ఉన్న పైపులో మొదట వచ్చే నీరు చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటుంది కాబట్టి పగలు తప్పనిసరై పెట్టవలసి వస్తే ఆ నీటిని ముందు పక్కకు పోనివ్వాలి. మధ్యాహ్నం రెండింటికి ఆకులు వేలాడేస్తే కంగారుపడి బకెట్టు ఎత్తకూడదు. మట్టిలోకి రెండు అంగుళాలు వేలు దించి చూడండి. చెమ్మ తగిలితే అది దాహం కాదు, వేళ్ళు అందించగలిగినదానికన్నా ఆకులు ఎక్కువ నీరు పోగొట్టుకుంటున్నాయని మాత్రమే అర్థం, పొద్దు వాలాక వాటంతట అవే లేస్తాయి. మరునాడు ఉదయం కూడా వేలాడుతూనే ఉంటే రెండు కారణాలే ఉంటాయి: మట్టి పొడిగా ఉంటే దాహం, తడిగా ఉంటే వేరుకుళ్ళు. రేగడిలో ఈ రెండో ప్రమాదం నిండు వేసవిలో కూడా ఉంటుంది.

ఇక ఏ నీళ్ళు పెట్టాలన్నది. విదర్భలో ప్రతి ఇంట్లోనూ కూలరు తిరుగుతుంది, దాని తొట్టి అడుగున మిగిలిన నీటిని వృథా పోనివ్వడం ఎందుకని చాలామంది ఉదయాన్నే గులాబీ కుండీలో పోస్తారు. ఆ పొదుపు మంచిదే కానీ గులాబీకి మాత్రం వద్దు. కూలరులో ఆవిరైపోయేది నీరు మాత్రమే, అందులోని లవణాలన్నీ తొట్టిలోనే మిగిలిపోతాయి, రోజూ కొత్త బోరు నీళ్ళు కలుపుతూ పోయేకొద్దీ అవి చిక్కబడతాయి. కూలరు జాలీల మీద తెల్లగా గట్టిపడి కనిపించేది ఆ ఉప్పు, సున్నమే. గులాబీ ఉప్పును ఓర్చుకోలేని మొక్క కనుక ఆకుల అంచులు గోధుమరంగుకు తిరిగి కరకరలాడుతూ రాలతాయి, దానిని ఎండదెబ్బ అనుకొని ఇంకా ఎక్కువ అదే నీళ్ళు పోస్తారు. ఆర్వో యంత్రం వదిలేసే నీటి విషయమూ ఇంతే. ఏసీ నుంచి కారే నీరు దీనికి పూర్తిగా భిన్నమైనది, అది గాలిలోని తేమ చల్లబడి ఏర్పడినది కాబట్టి దానిలో లవణాలు దాదాపు ఉండవు, నిస్సంకోచంగా గులాబీకి పోయవచ్చు. బియ్యం కడిగిన నీళ్ళూ ఫరవాలేదు. బోరు నీళ్ళు తప్ప వేరే గతి లేనివాళ్ళు పది పన్నెండు రోజులకు ఒకసారి కుండీ అడుగు నుంచి ధారాళంగా కారేటట్టు ఎక్కువ నీళ్ళు పోసి, పేరుకున్న ఉప్పును కడిగేయడం మంచిది.

ఊరికి వెళ్ళవలసిన వాళ్ళకు పాత ఉపాయం ఒకటి ఉంది. మూడు నాలుగు లీటర్లు పట్టే, రంగు వేయని మట్టికుండను మొక్కకు జానెడున్నర దూరంలో మెడ దాకా పాతి, నీటితో నింపి, మూత పెట్టాలి. కుండ గోడ నుంచి చెమర్చే తేమను వేళ్ళు వెతుక్కుంటూ వచ్చి తాగుతాయి. సున్నం ఎక్కువ ఉన్న నీళ్ళతో ఒకటి రెండు వేసవులకే కుండ రంధ్రాలు పూడుకుపోతాయి, అప్పుడు కుండ మార్చవలసిందే.

కప్పు, నీడ

తేమను పట్టి ఉంచడంలో నీళ్ళకన్నా పాదు మీద పరిచే ఆకుల, గడ్డి కప్పే ఎక్కువ పని చేస్తుంది. ఈ అడవి జిల్లాల్లో డబ్బు పెట్టకుండా దొరికేది టేకు ఆకు. అయితే టేకు ఆకును ఉన్నదున్నట్టు పరిస్తే విస్తళ్ళు బోర్లించినట్టు ఒకదాని మీద ఒకటి అతుక్కొని, పోసిన నీటిని పక్కకు జార్చేస్తుంది. చేత్తో నలిపి, చిన్న ముక్కలు చేసి, వరిగడ్డితోనో సోయాబీన్ పొట్టుతోనో కలిపి మూడు అంగుళాల మందాన వేయాలి. మొదలు చుట్టూ నాలుగు వేళ్ళ మేర ఖాళీ ఉంచాలి, లేకపోతే కాండం మెత్తబడుతుంది, చెదలు కూడా పైకి పాకుతాయి. వారానికి ఒకసారి కప్పు ఎత్తి చూసుకుంటే చెదల మట్టిపూత మొదట్లోనే కంటపడుతుంది.

నీడ విషయంలో గులాబీకి పూర్తి చీకటి పనికిరాదు. ఉదయం పది పదకొండు గంటల దాకా ఎండ తగిలి, ఆ తర్వాత నీడ పడే తూర్పు గోడ పక్క అన్నిటికన్నా మంచి చోటు. ఆ వీలు లేనిచోట సగం ఎండను ఆపే 50 శాతం గ్రీన్ నెట్‌ను మొక్కకు కనీసం మూడు అడుగుల ఎత్తులో కట్టాలి. మొక్కకు ఆనించి కప్పితే గాలి ఆడక కింద వేడి ఇంకా పెరుగుతుంది. పడమటి దిక్కున నెట్ నేల దాకా దింపడం మరవకూడదు. ఆకులు రాలిన కొమ్మలపై సాయంత్రపు ఎండ నేరుగా పడితే బెరడు ఆ వైపు మాత్రమే గోధుమరంగుకు మారి, తర్వాత నల్లబడి ఎండిపోతుంది. బొగ్గుగనుల పక్కనా, థర్మల్ కేంద్రం పక్కనా ఉండేవాళ్ళకు ఇంకొక పని కూడా ఉంది: ఆకుల మీద పేరుకొనే దుమ్మును ఉదయం పూట నీళ్ళతో కడగడం. దీనివల్ల కలిగే రెండో లాభం పురుగుల దగ్గర చెబుతాను.

కుండీలు నేలకన్నా త్వరగా వేడెక్కుతాయి. నల్ల ప్లాస్టిక్ సంచీ మేడ మీది కాంక్రీటుకు ఆని ఉంటే దాని లోపలి వేళ్ళు దాదాపు ఉడికిపోతాయి. కుండీని రెండు ఇటుకల మీదికి ఎత్తి, చుట్టూ తడి గోనెసంచి చుట్టి, కుండీలన్నిటినీ దగ్గరగా జరపాలి. చిన్న కుండీని పెద్ద కుండీలో పెట్టి మధ్య సందును ఇసుకతో నింపి, ఆ ఇసుకను తడుపుతూ ఉంటే మరీ మంచిది. కోకోపీట్ (కొబ్బరిపీచు పొట్టు) ఎక్కువ కలిపిన మట్టి ఒకసారి పూర్తిగా ఎండితే మళ్ళీ నీటిని పట్టుకోదు, పోసిన నీళ్ళు గోడ వెంట జారి కిందికి వచ్చేస్తాయి, మనం తడిసిందని భ్రమపడతాం. కుండీ ఎత్తి చూస్తే తేలికగా అనిపించడమే గుర్తు. అప్పుడు కుండీని అంచు దాకా నీళ్ళున్న టబ్బులో బుడగలు రావడం ఆగేదాకా ఉంచి తీయాలి. నర్సరీ నుంచి ఎర్ర జిగటమట్టి ముద్దతో వచ్చిన మొక్కలకూ ఇదే చిక్కు ఉంటుంది, చుట్టూ మట్టి తడిసినా నడిమి ముద్ద పొడిగానే ఉండిపోతుంది. ఏప్రిల్ నుంచి జూన్ నడిమి వరకు కొత్త మొక్క కొనకపోవడమే మేలు.

చేయకూడనివి, కొన్ని చేయవలసినవి

కత్తెరను ఈ కాలంలో ఎండిన కొమ్మలకు మాత్రమే వాడాలి. కొన నుంచి నల్లబడుతూ కిందికి దిగుతున్న కొమ్మను, నలుపు ఆగినచోటికి ఒక అంగుళం కింద పచ్చిభాగంలో కోసి, కోత మీద కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే శిలీంధ్రనాశక మందు ముద్ద రాయాలి. ఆకులు సగం పండినా వాటిని దులపకండి, కొమ్మకు ఉన్న గొడుగు అవే. మొగ్గలను మాత్రం బఠాణీ గింజంత ఉన్నప్పుడే గిల్లేయాలి. పూజకు రోజూ ఒక్క పువ్వైనా కావాలని ఇంట్లో పెద్దవాళ్ళు పట్టుపడితే నాటు గులాబీ చెట్టు ఒకదాన్ని అందుకు వదిలేసి, అంటు మొక్కల జోలికి వెళ్ళకుండా ఒప్పందం కుదుర్చుకోవడమే దారి. అంటు కట్టిన చోటుకు కింది నుంచి వచ్చే పిలకలను ఏ కాలంలోనైనా తీసేయాలి.

ఏప్రిల్ చివరి నుంచి రసాయనిక ఎరువులేవీ వేయవద్దు, అవి కూడా లవణాలే. లేత ఆకులు పసుపురంగుకు తిరిగి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే అది ఇనుము లోపం. సున్నపు నీళ్ళు, రేగడి కలిసినచోట ఇనుము మట్టిలో ఉన్నా మొక్కకు అందదు. ఆ నేలలో అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్) చల్లినా బిగుసుకుపోతుంది కనుక చల్లబడ్డాక ఆకుల మీద పలుచగా పిచికారీ చేయడం మంచిది, అదీ వానలు మొదలయ్యాకనే.

వేడి, పొడి గాలుల్లో గులాబీకి అసలు శత్రువు ఎర్రనల్లి. ఆకు పైభాగం సన్నటి తెల్లచుక్కలతో దుమ్ము పట్టినట్టు కనిపిస్తే ఆ ఆకు కింద తెల్లకాగితం పెట్టి తట్టండి, పడిన చుక్కల్లో కొన్ని కదులుతూ ఉంటే అనుమానం అక్కర్లేదు. ఇది సాలీడు జాతికి చెందినది, మామూలు పురుగుల మందులు దీన్ని చంపకపోగా దీన్ని తినే మేలు పురుగులను చంపి దాని సంతతిని పెంచుతాయి. ముందుగా చెప్పిన నీటి స్నానమే దీనికి మొదటి మందు. ఉదయం పూట, ఆకుల అడుగుకు తగిలేలా గట్టి ధారతో, రెండు మూడు రోజులకు ఒకసారి రెండు వారాల పాటు కడిగితే చాలావరకు అదుపులోకి వస్తుంది. వేపనూనె, నీటిలో కరిగే గంధకం రెండూ ఈ తెగులుకు పనికివచ్చేవే, కానీ 35 డిగ్రీల పైన ఏది కొట్టినా ఆకు కాలిపోతుంది. మొగ్గల అంచులు మాడి విచ్చుకోకపోతే తామర పురుగు పని అని గ్రహించి ఆ మొగ్గలను తుంచి దూరంగా పారేయాలి.

రకాల గురించి క్లుప్తంగా. వేడిని తట్టుకోవడంలో నాటు గులాబీ, పన్నీరు గులాబీ, గుత్తులుగా పూసే ఫ్లోరిబండాలు పెద్దపూల హైబ్రిడ్ టీ రకాలకన్నా మెరుగ్గా ఉంటాయి. మన ఎండలకు ప్రత్యేకంగా గులాబీలను తయారుచేయాలని పూనుకున్నవారిలో ఆంధ్రప్రదేశ్ ఐఏఎస్ అధికారిగా పనిచేసి తర్వాత కొడైకెనాల్‌లో స్థిరపడిన ఎం.ఎస్. వీరరాఘవన్ ముఖ్యులు. గంగా మైదానపు తడినేలల్లో సహజంగా పెరిగే రోజా క్లైనోఫిల్లా అనే భారతీయ అడవి గులాబీని ఆయన సంకరణలకు వాడారు. అటువంటి రకాలు ఎక్కడైనా దొరికితే తప్పక తెచ్చుకోండి.

మృగశిర చినుకులు పడ్డాక

మొదటి జల్లు పడగానే ఎరువు తెచ్చే తొందర వద్దు. జూన్ మొదటి వారంలో వచ్చే జల్లు పైమట్టిని తడిపి వెళ్ళిపోతుంది, మర్నాడు ఎండ మళ్ళీ మామూలే. నేల జానెడు లోతు తడిసి, పగటి ఉష్ణోగ్రత వరుసగా వారం రోజులు 35 లోపు నిలిచినప్పుడు కాలం మారిందని లెక్క. అప్పుడు మబ్బు పట్టిన రోజు చూసి నెట్ తీసేయాలి, ఎండ ఉన్న రోజున తీస్తే నీడకు అలవాటుపడిన ఆకులు మచ్చలు పడతాయి. పాదు మీది కప్పును సగానికి తగ్గించి, మొక్క చుట్టూ కట్టిన గట్టుకు ఒకచోట గండి పెట్టాలి, ఎందుకంటే రేగడిలో ఇకనుంచి నీళ్ళు నిలిచిపోవడమే ముప్పు. కొత్త చిగురు బొటనవేలంత పొడవు సాగాక మొక్కకు రెండు గుప్పెళ్ళ వర్మీకంపోస్టు వేసి, నల్లమచ్చ తెగులు కోసం కింది ఆకులను కనిపెడుతూ ఉండండి. అసలు కత్తిరింపు దసరా వెళ్ళాక, వానలు పూర్తిగా తగ్గినప్పుడు చేయాలి.