టీడ్సండా: ఊరి కాలాన్ని చదివే పద్ధతి

స్వీడిష్ భాషలో 'టీడ్' అంటే కాలం, 'అండా' అంటే ఆత్మ. ఊపిరి పీల్చడాన్ని చెప్పే మాట కూడా దానికి చుట్టమే. ఆ రెండూ కలిసిన 'టీడ్సండా' ఒక కాలపు మనుషులు తమకు తెలియకుండానే పీల్చే భావాల గాలిని సూచిస్తుంది. దీన్ని 'యుగధర్మం' అనేయడం నాకు నచ్చదు. ధర్మంలో ఇలా ఉండాలన్న విధి ఉంటుంది, ఇందులో ఇలా ఉందన్న గమనిక మాత్రమే ఉంది.

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో తమ ఊరి చరిత్ర రాయదలచినవారు ముందుగా పదేళ్లకు మించని కాలాన్ని ఎంచుకోవాలి. తరువాత శుభలేఖలు, అంగడి పద్దులు, నెల్లూరు వారపత్రిక 'జమీన్ రైతు' పాత సంచికలు దొరికితే అవీ ముందు పెట్టుకొని, వాటిలో ఎవరూ వాదించకుండా ఒప్పుకున్న సంగతులను వెతకాలి.

అన్నిటికంటే పిలుపులు ఎక్కువ చెబుతాయి. హోదాతో పిలవడమే మర్యాదగా ఉండిన స్వీడన్‌లో, 1967లో వైద్య పరిపాలన సంస్థకు అధిపతిగా వచ్చిన బ్రూర్ రెక్సెద్, ఉద్యోగులందరినీ 'డూ' అని, అంటే 'నువ్వు' అని పిలుస్తానని ప్రకటించారు. ఆ మార్పు ఆయనతో పుట్టలేదు, అప్పటికే సాగుతున్నదానికి ఆయన పేరు గుర్తుగా నిలిచింది. మన ఇళ్లలోని ఉత్తరాల్లో 'మహారాజశ్రీ' ఏ ఏట మాయమైందో అలాగే చూడాలి.

ఇక పెద్ద సంఘటన దగ్గరకు వెళ్లవచ్చు. 1990ల తొలినాళ్లలో అక్షరాస్యతా తరగతులకు వచ్చిన నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు సారాపై తిరగబడ్డారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం అమలైంది. అయితే నిషేధపు తేదీలో టీడ్సండా దొరకదు. భర్త తాగుడును అంతకుముందు 'మా కర్మ' అనేవారా, ఆ మాట ఎప్పుడు నోట రాకుండా పోయిందని అవ్వలను అడగాలి.

ఓట్ల లెక్కలనూ గుడ్డిగా నమ్మకూడదు. రోడ్డు మీద వాహనాలను ఎడమవైపు నుంచి కుడివైపుకు మార్చడాన్ని 1955లో స్వీడన్‌లో ఓటేసినవారిలో దాదాపు 83 శాతం కాదన్నారు. అయినా 1967 సెప్టెంబరు 3న దేశం కుడివైపుకు మారింది. కాబట్టి ఎక్కువమంది మాటే కాక, సారా అమ్మే హక్కును వేలంపాటలో దక్కించుకున్నవారి మాట కూడా వినాలి. చివరగా, 1992 నాటి ఆ ఉద్యమం గురించి ఇవాళ చెప్పేవారు ఇవాళ్టి మాటలతోనే చెబుతారు గనుక, చెప్పిన తేదీని, అప్పటి వారి వయసును ప్రతి కాగితం మీదా విడిగా రాసుకోవాలి.