కాట్స్‌వోల్డ్స్ చర్చి ఆవరణల్లోని శిలా సమాధులను పరిశీలించే పద్ధతి

ఇంగ్లండ్‌లోని కాట్స్‌వోల్డ్స్ ప్రాంతంలో, ముఖ్యంగా బర్‌ఫర్డ్, పెయిన్స్‌విక్ చర్చి ఆవరణల్లో, 17, 18 శతాబ్దాల నాటి పెట్టె ఆకారపు సమాధులు చాలా ఉన్నాయి. అక్కడి సున్నపురాయి మెత్తనిది కావడంతో శిల్పులు దానిపై దేవదూతల ముఖాలు, పూలదండలు, పుర్రెలు లోతుగా చెక్కగలిగారు. ఆ మెత్తదనం వల్లనే నేడు అక్షరాలు అరిగిపోతున్నాయి కనుక, ఇలాంటి సమాధిని రాతిని తాకకుండా, వెలుతురు సాయంతోనే చదవాలి.

ముందుగా దాని నిర్మాణాన్ని గమనించండి. పార్థివదేహం నేలలోనే ఉంటుంది; పైనున్న పెట్టె సాధారణంగా బోలుగా ఉంటుంది. పలకలను పట్టి ఉంచే ఇనుప కమ్మీలు తుప్పు పట్టి ఉబ్బితే రాయి పగులుతుంది, పలక బయటికి ఒరుగుతుంది. అందువల్ల సమాధికి ఆనుకోవడం, దానిపై కూర్చోవడం ప్రమాదకరం.

పక్కనుంచి ఏటవాలుగా వెలుగు పడే వేళను ఎంచుకోండి. నీడలో ఉన్న పలకపైకి అద్దంతో ఎండను మళ్లించవచ్చు, లేదా టార్చిని పలక అంచు దగ్గర, రాతికి దాదాపు సమాంతరంగా పట్టుకోవచ్చు. అప్పుడు, ఎదురుగా చూసినంతసేపూ నున్నగా తోచిన చోట, 1 అనుకున్న అంకెకు పైన సన్నని గీత నీడగా తేలి, అది 7 అని తెలుస్తుంది. టార్చి దిశ మారుస్తూ ప్రతిసారీ ఫొటో తీయండి. సుద్దపొడి రుద్దడం, తీగల బ్రష్షు వాడడం, బ్లీచింగ్ పోయడం ఎంతమాత్రమూ తగదు. రాతిపై పొరలా పెరిగే లైకెన్లనే జీవులను గీకి తీసేయడం కూడా పొరపాటే, ఎందుకంటే వాటిలో అనేకం ఏడాదికి మిల్లీమీటరైనా పెరగవు.

బర్‌ఫర్డ్‌లో కొన్ని సమాధులపై స్తంభాన్ని నిలువునా సగానికి కోసి అడ్డంగా పెట్టినట్టు, గాడులున్న కప్పు ఉంటుంది. దాన్ని ఉన్ని మూట అని చెబుతారు. శవపేటికపై వస్త్రాన్ని నిలిపే చట్రమని కూడా ఒక వాదన ఉంది. మీ నోట్సులో ముందు ఆకారాన్ని మాత్రమే వర్ణించండి.

తేదీల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. 1752కు ముందు ఇంగ్లండ్‌లో అధికారికంగా సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది కనుక, రాతిపై 1723 ఫిబ్రవరి అని ఉంటే అది మన లెక్కలో 1724 కావచ్చు. మరమ్మతు అవసరమనిపిస్తే స్వయంగా పూనుకోకుండా చర్చి వారికి తెలియజేయండి. సాధారణంగా దానికి డయోసిస్ (బిషప్ పరిధిలోని చర్చి పాలనా ప్రాంతం) నుంచి ఫ్యాకల్టీ అనే అనుమతి కావాలి.

చివరిగా, చదివిన పేరును పారిష్ రిజిస్టరుతో, అంటే స్థానిక చర్చి బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, ఖననాలు నమోదు చేసే పుస్తకంతో, సరిపోల్చండి. ఈ రిజిస్టర్లు 1538లో ఆదేశంతో మొదలయ్యాయి. పాతవి చాలావరకు కౌంటీ ఆర్కైవుల్లో ఉంటాయి. రిజిస్టరులో ఉండేది ఖననం తేదీ, రాతిపై ఉండేది సాధారణంగా మరణ తేదీ. రెండింటి మధ్య కొన్ని రోజుల తేడా కనిపిస్తే అది పొరపాటు అనుకోవద్దు.