పాత బిల్డింగ్ బాత్రూమ్‌లల్ల సెన్సార్ నల్లాలు పెట్టియ్యాలంటే ఎట్ల?

హన్మకొండల ఇప్పుడు కొత్తగా ఓపెన్ చేసే హాస్పిటల్ గానీ హంటర్ రోడ్డు దిక్కు ఫంక్షన్ హాల్ గానీ, చెయ్యి పెడితే నీళ్లొచ్చే నల్లా లేకుండ చాలామంది ముందుకు పోతలేరు. అది చూసి పాత బిల్డింగులోళ్లు, హోటల్ నడిపేటోళ్లు మనం కూడ మారుద్దామా అని అడుగుతుండ్రు. మార్చొచ్చు, వాష్ బేసిన్ల కాడ అయితే గోడ కూడ పగలగొట్టే పనిలేదు. కాకపోతే అందరు ముందు షోరూంకు పోయి మెరిసేది చూసి అడ్వాన్స్ ఇచ్చేస్తరు, ట్యాంకు ఎంత ఎత్తుల ఉంది, నీళ్లు ఎసొంటివి అనేది ఫిట్టింగ్ రోజు గుర్తుకొస్తది. ముందు స్లాబు ఎక్కండి, షోరూం సంగతి తర్వాత.

1. ఏది మార్చాలె, ఏది వదిలెయ్యాలె

అన్నీ మార్చాలని రూలేం లేదు. మొదటి పైసలు యూరినల్స్ మీద పెట్టండి. మన దగ్గర యూరినల్ బటన్ నొక్కేటోడు తక్కువ, అందుకే కంపు, సెన్సార్ పెడితే మనిషి జరగంగనే దానంతటదే నీళ్లు కొడతది. తర్వాత వాష్ బేసిన్ నల్లాలు, పక్కన సోప్ డిస్పెన్సర్.

లెట్రిన్ లోపల మాత్రం సెన్సార్ ఫ్లష్ కోసం ఎగబడకండి. మనోళ్లు హెల్త్ ఫాసెట్ పట్టుకుంటరు, లేకుంటే మగ్గు పట్టుకుంటరు, చెయ్యి ఎట్లాగూ తగుల్తది, అసొంటప్పుడు ఫ్లష్ ఒక్కటి ముట్టకపోతే ఒరిగేదేం లేదు. పైగా ట్యాంకు లేకుండ నేరుగా పైపు నుంచి కొట్టే ఫ్లష్ వాల్వుకు లావు పైపు, గట్టి ప్రెజర్ కావాలె, పాత బిల్డింగ్‌ల అంటే గోడలు తవ్వుడే. మామూలు ఫ్లష్ ట్యాంకే మంచిగుంటది.

తలుపు సంగతి ఎవ్వరు ఆలోచించరు. చేతులు శుభ్రంగ కడుక్కొని అదే హ్యాండిల్ పట్టుకొని బయటికొస్తే ఇంక ఏం లాభం? మెయిన్ డోర్ తీసేసి అడ్డం ఒక గోడ కట్టగలిగితే కట్టండి, జాగ లేకుంటే తలుపు బయటికి తెరుచుకునేటట్టు తిప్పిస్తే మోచేత్తో నెట్టి రావొచ్చు.

2. ప్రెజర్ లెక్క

ఇది జర ఓపికగ చదవండి, సగం కంప్లైంట్లు ఇక్కడనే పుడతయి. నీళ్ల ప్రెజర్‌ను బార్‌లల్ల కొలుస్తరు, 10 మీటర్ల ఎత్తు నీళ్లకు దాదాపు 1 బార్ ప్రెజర్ ఉంటది. చాలా సెన్సార్ నల్లాలకు కనీసం 0.5 బార్ అడుగుతరు, డబ్బ మీదనే రాసుంటది. మీ ట్యాంకుల నీళ్లకు, కింద నల్లాకు మధ్య ఎత్తు ఎంతుందో టేపు పెట్టి చూస్కోండి. మూడంతస్తుల బిల్డింగ్‌ల గ్రౌండ్ ఫ్లోరుకు ఏ ఇబ్బంది ఉండదు, అదే పై ఫ్లోరుల ట్యాంకు సరిగ్గ నెత్తి మీదనే ఉంటది కాబట్టి 3 మీటర్లు కూడ రాదు, అంటే 0.3 బార్, నల్లా సన్నగ కారుతది లేకుంటే వాల్వు సరిగ్గ మూసుకోదు. అప్పుడు రెండే దార్లు, చిన్న ప్రెజర్ పంపు పెట్టుడు, లేదంటే తక్కువ ప్రెజర్‌కు పనిచేసే మోడల్ అడిగి తీస్కునుడు. ఒకే మోడల్ అన్ని ఫ్లోర్లకు కొనేముందు పై ఫ్లోరుల ఒక్కటి పెట్టి చూడండి.

3. బ్యాటరీనా, కరెంటా

మామూలుగ నాలుగు పెన్సిల్ సెల్స్‌తోని, అంటే 6 వోల్టులతోని నడిచేటివి ఉంటయి, అడాప్టర్‌తోని నడిచేటివి ఉంటయి, రెండూ ఉన్నవి కూడ దొరుకుతయి. రెండు మూడు నల్లాల చిన్న హోటల్‌కు బ్యాటరీ చాలు. సెల్స్ అయిపోవస్తే ఎర్ర లైటు కొడతది, పట్టించుకోకపోతే వాల్వు మూసుకునే ఉంటది, గిరాకీ సబ్బు చేతులతోని నిలబడతడు. పది, ఇరవై నల్లాలుండే ఫంక్షన్ హాల్‌ల ఎవడు కూసుండి సెల్స్ మారుస్తడు, అడాప్టరే పెట్టండి, లైన్ ఇన్వర్టర్ మీదికి తీస్కోండి, నీళ్లు ఎగిరే కాడ సాకెట్ వద్దు, ఆ లైన్‌కు 30 మిల్లీ ఆంపియర్ ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే లైన్ బంద్ చేసే స్విచ్చు, తప్పనిసరి. ఎలక్ట్రీషియన్ నవ్వినా సరే పెట్టియ్యండి.

4. నీళ్లు, ఫిట్టింగ్

కార్పొరేషన్ నీళ్లు, అంటే ధర్మసాగర్, వడ్డేపల్లి, భద్రకాళి చెరువుల నుంచి ఫిల్టరయి వచ్చేటివి వాడేటోళ్లకు గొడవ తక్కువ. బోరు నీళ్లయితే మాత్రం నల్లా మూతి చుట్టు తెల్లటి గార పట్టుడు మీకు తెల్సిందే, అదే గార లోపల సోలెనాయిడ్ వాల్వు (కరెంటుతోని తెరుచుకొని మూసుకునే వాల్వు) డయాఫ్రమ్ మీద, అంటే దాంట్ల నీళ్లను ఆపే రబ్బరు బిళ్ల మీద కూడ పడతది. మామూలు నల్లా అయితే గట్టిగ తిప్పి నడిపిస్తం, ఇక్కడ తిప్పెతందుకు ఏం లేదు. కాబట్టి లైన్‌కు ఒక ఫిల్టర్, వీలైతే గార పట్టకుండ నీళ్లను మెత్తగ చేసే సాఫ్ట్‌నర్.

ఇంక ఫిట్టింగ్ రోజు మీరు దగ్గరుండాలె. బేసిన్ కింద గోడకుండే యాంగిల్ కాక్ బంద్ చేసి పాత నల్లా ఇప్పినంక, కొత్తది బిగించకముందే పైపు కింద బకెట్ పెట్టి కాక్ ఫుల్లుగ తెరిపియ్యండి. పాత లైన్ అయితే మొదట ఎర్రగ వస్తయి, తర్వాత ఇసుక, టెఫ్లాన్ టేపు ముక్కలు, సీపీవీసీ పైపు కోసినప్పటి పొట్టు, అన్నీ బకెట్ అడుగున కనబడతయి. తేటగ వచ్చేదాంక వదలండి. ఈ చెత్తల ఒక్క పలుకు వాల్వుల ఇరుక్కుంటే నల్లా ఆగకుండ కారుతనే ఉంటది, అప్పుడు సెన్సార్ కరాబైందని డీలర్‌తోని లొల్లి. జాలీ, వాషర్ సరిగ్గ పెట్టి చేత్తోని బిగించి, ఆఖరికి స్పానర్‌తోని జర తిప్పితే చాలు. వాల్వు, సెల్స్ ఉండే కంట్రోల్ డబ్బ బేసిన్ కింద గోడకు ఎత్తుల కొట్టియ్యండి, నేల కడిగినప్పుడు తడవొద్దు.

5. సెన్సార్ సెట్టింగ్

ఇన్‌ఫ్రారెడ్ వెలుగు చేతికి తగిలి వెనుకకు వస్తే వాల్వు తెరుచుకుంటది. మరి స్టీల్ బేసిన్ కూడ ఆ వెలుగును వెనుకకు కొడతది కదా, ఎవ్వరు లేకున్నా నీళ్లు పోతనే ఉంటయి. దూరం తగ్గించి 10 నుంచి 15 సెంటీమీటర్ల కాడ పెట్టి చూడండి, కొన్నిటికి రిమోట్ వస్తది, కొన్నిటికి కింద స్క్రూ ఉంటది. నల్లా మూతికి నిమిషానికి 2, 3 లీటర్లు ఇచ్చే ఏరేటర్ (నీళ్లల్ల గాలి కలిపి వదిలే జాలీ మూత) పెట్టిస్తే నీళ్ల ఆదా అసలు అక్కడ కనబడతది.

6. హాస్పిటల్ వాళ్లకు ఒక మాట

సెన్సార్ ఉంటే క్రిములు ఉండవు అనుకోకండి. అమెరికాల జాన్స్ హాప్కిన్స్ హాస్పిటల్ వాళ్లు 2011ల చెప్పిన లెక్క ప్రకారం ఎలక్ట్రానిక్ నల్లాల శాంపిళ్లల్ల 50 శాతంల లెజియోనెల్లా అనే, ఊపిరితిత్తులకు జబ్బు తెచ్చే బ్యాక్టీరియా దొరికింది, చేత్తో తిప్పే నల్లాలల్ల 15 శాతమే. లోపల వాల్వులు ఎక్కువుండుడు, నీళ్లు తక్కువ పారుడు కారణం అయ్యుండొచ్చన్నరు, పేషెంట్లుండే కాడ మళ్ల మామూలు నల్లాలే పెట్టుకున్నరు. ఐసీయూ, ఆపరేషన్ థియేటర్ల కాడ అయితే మోచేత్తో తిప్పే పొడుగు హ్యాండిల్ నల్లానే నాకు నచ్చుతది, కరెంటు వద్దు, సెల్స్ వద్దు. ఓపీ దిక్కు, క్యాంటీన్ దిక్కు సెన్సార్ పెట్టుకోండి. రోజుల తరబడి వాడని నల్లాలను మాత్రం అప్పుడప్పుడు కాసేపు పారియ్యాలె.

7. తర్వాత చూసుకునుడు

బోరు నీళ్లయితే నెలకొకసారి జాలీ ఇప్పి నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లల్ల నానబెట్టి పాత టూత్ బ్రష్‌తోని రుద్దాలె. సెన్సార్ కన్నును మెత్తటి తడి బట్టతోని తుడిస్తే చాలు, యాసిడ్ పోస్తే కన్ను మసకబారుతది, ఇది సఫాయి చేసేటోళ్లకు విడిగా చెప్పాలె. కొనేటప్పుడే రెండు డయాఫ్రమ్‌లు, ఒక సోలెనాయిడ్ స్పేర్ తీస్కొని పెట్టుకోండి, స్పేర్ కోసం హైదరాబాద్ దాంక పోవాల్సొచ్చే మోడల్ అయితే ఎంత సస్తా అయినా నేనైతే వద్దంట.

ఇంకొకటి, ప్రతి బాత్రూమ్‌ల కింద మోకాలెత్తుల ఒక మామూలు నల్లా ఉంచండి. సెన్సార్ నల్లా కింద బకెట్ పట్టదు, పట్టినా నిమిషానికొకసారి బంద్ అయితది, నేల కడిగే అక్క ఏం చేస్తది, సెన్సార్ ముందట బట్ట వేలాడదీస్తది.