ఆకులతో అద్దకం – 3వ పాఠం: బాదం ఆకు, అన్నభేది

గత పాఠంలో నూలు బట్టకు గంజి వదిలించి, కరక్కాయ కషాయంలో నానబెట్టి ఆరబెట్టుకున్నాము. లేత పసుపు తిరిగిన ఆ బట్టపై ఇప్పుడు ఆకు రూపాన్ని దించుదాము. పొందూరు ఖద్దరు ముక్క దొరికితే శ్రేష్ఠం. పాత నూలు పంచె అయినా సరిపోతుంది.

పట్టు, ఉన్ని మాంసకృత్తులతో ఏర్పడిన దారాలు కనుక జామాయిల్ ఆకులోని రంగును రంగు పట్టించే ఏ మందూ లేకుండానే పట్టుకోగలవు. నూలుకు ఆ గుణం లేదు కాబట్టి కరక్కాయలోని టానిన్‌ను (వగరునిచ్చే పదార్థాన్ని) ముందుగా దారానికి పట్టించాము. ఆ టానిన్‌కు ఇనుము తగిలిన చోట బూడిద రంగు, ఇంకా ఎక్కువ తగిలితే నలుపు పుడుతుంది. ఆ తాకిడి ఆకు ఉన్న మేరకే జరిగేలా చూడడమే ఈ పాఠంలోని పని అంతా.

విశాఖపట్నంలో ఉన్నవారికి ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. సముద్రపు ఉప్పుగాలికి మన బాల్కనీ కమ్మీలు, బట్టలారేసే తీగలు త్వరగా తుప్పు పడతాయి. కరక్కాయ పట్టిన బట్టను తడిగా వాటిపై వేస్తే, తుప్పులోని ఇనుము తగిలిన ప్రతిచోటా నల్లని చారలు పడతాయి, అవి ఉతికినా పోవు. నైలాన్ తాడు మీద, నీడలోనే ఆరవేయండి.

ఆకుల విషయంలో మనకు కొరత లేదు. వీధుల్లో విరివిగా కనిపించే బాదం చెట్టు ఆకులో టానిన్ సమృద్ధిగా ఉంటుంది, ఈనెలు స్పష్టంగా దిగుతాయి. మొదటి ప్రయత్నానికి దీనినే నేను గట్టిగా సిఫారసు చేస్తాను. తొలకరి తరువాత వచ్చే టేకు చిగురును అరచేతిలో నలిపితే ఎర్రబడుతుంది. ఆ ఎరుపును బట్టమీదికి తెచ్చే పద్ధతికి పటిక కావాలి, కనుక దానిని తరువాతి పాఠానికి ఉంచుదాము.

ఇక్కడ మనకు ఇనుమును అందించేది అన్నభేది, అంటే ఫెర్రస్ సల్ఫేట్ అనే ఇనుప లవణం. ఒక లీటరు నీటిలో 2 గ్రాముల అన్నభేది కరిగించండి. ఈ పాళ్లను మించవద్దు. ఇనుము ఎక్కువైతే రంగు ముదురుతుంది గాని దారం బలహీనపడుతుంది. పాత కలంకారీ వస్త్రాలలో నల్లని గీతలున్న చోటే బట్ట ముందుగా చివికిపోవడం ఇందువల్లనే. అన్నభేది కడుపులోకి పోతే విషం కాబట్టి చేతి తొడుగులు వేసుకోండి, పిల్లలకు అందనివ్వకండి, ఈ పనికి వాడిన పాత్రను మళ్లీ వంటకు వాడకండి.

ఆకును ఆ నీటిలో ముంచి, కారే నీటిని పాత గుడ్డతో అద్ది తీసివేయండి. నీరు మిగిలితే అంచులు అలుక్కుపోతాయి. బట్టను చెమ్మగా తడిపి పరచి, ఈనెలు ఉబ్బి ఉండే అడుగు వైపు బట్టకు ఆనేలా ఆకులను అమర్చండి. పైన పాలిథిన్ కాగితం పరిచి, కర్రకు బిగువుగా చుట్టి, పురికొసతో సందు లేకుండా కట్టండి. ఆకుకూ బట్టకూ మధ్య గాలి నిలిచిన చోట అచ్చు పడదు. మూతగల పెద్ద గిన్నెలో, నీటికి తగలకుండా ఎత్తుగా ఉంచి, గంటన్నర నుంచి రెండు గంటలు ఆవిరి పట్టండి. పూర్తిగా చల్లారిన తరువాతే విప్పండి. ఆకులు తీసి నీడన ఆరబెట్టి, వారం ఆగి, తేలికపాటి సబ్బుతో ఉతకండి.

ఇదే బట్టలో ఒక మూల అన్నభేది ముంచని బాదం ఆకును కూడా పెట్టి చుట్టండి. రెండు అచ్చులను పక్కపక్కన చూస్తే ఇనుము చేసే పని ఎంతో తెలుస్తుంది. ఆ ముక్కను దాచి ఉంచండి. పటికతో పోల్చడానికి అది మళ్లీ అవసరమవుతుంది.