డ్రాఫ్ట్‌లో మన టీమ్ ముందుగా ఏ పొజిషన్ తీసుకోవాలి? వాదనకు దిగేముందు వేసుకోవాల్సిన లెక్కలు

ఏప్రిల్ వచ్చిందంటే డల్లాస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ప్లేనో, అర్వింగ్ తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఐపీఎల్ స్కోర్ల మధ్యలోకి ఇంకో గొడవ దూరుతుంది. ఎన్‌ఎఫ్‌ఎల్ (అమెరికన్ ఫుట్‌బాల్ పెద్ద లీగ్) డ్రాఫ్ట్‌లో, అంటే టీములు వంతులవారీగా కాలేజీ ఆటగాళ్లను ఎంచుకునేచోట, డల్లాస్ కౌబాయ్స్ ఈసారి ఎవరిని తీసుకోవాలి? ఆ టీమ్ హెడ్‌క్వార్టర్స్ ఫ్రిస్కోలోనే ఉంది కాబట్టి ఊళ్లో ప్రతివాడూ జనరల్ మేనేజరే. ఒకరు లైన్ (బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్‌ని కాపాడే ముందు వరస) చిల్లుపడింది, లైన్‌మన్ కావాలంటారు. ఇంకొకరు బంతి అందుకునేవాళ్లను అడ్డుకునే కార్నర్‌బ్యాక్ లేకుండా ఎలా ఆడతారంటారు. చివరికి ఎవరి గొంతు పెద్దదైతే వాళ్లదే గెలుపు.

టీమ్ ఎక్కడ బలహీనంగా ఉందో చూసి ఆ పొజిషన్ వాడిని తీసుకోవాలన్నది సగం లెక్కే. అలాంటి ఆటగాడు ఇంకో దారిలో, ఇంత తక్కువ ధరకు దొరుకుతాడా అన్నది మిగతా సగం. గొడవలన్నీ మొదటి సగం దగ్గరే ఆగిపోతాయి. రెండో సగం ఎలా చూడాలో చెప్పడానికే ఇదంతా. ఉదాహరణలు కౌబాయ్స్‌వే ఎక్కువ వచ్చినా, పద్ధతి 32 టీముల్లో దేనికైనా సరిపోతుంది.

1. చేతిలో ఏ పిక్‌లు ఉన్నాయో చూడండి

ఇది ఐపీఎల్ వేలం లాంటిది కాదు. డబ్బు ఎక్కువ పెట్టినంత మాత్రాన ఆటగాడు రాడు. మొత్తం ఏడు రౌండ్లు, ఆటగాణ్ని ఎంచుకునే ఒక్కో వంతు ఒక పిక్. కిందటి సీజన్‌లో అందరికంటే అధ్వానంగా ఆడిన టీమ్‌కి మొదటి పిక్, సూపర్ బౌల్ (లీగ్ ఫైనల్) గెలిచిన టీమ్‌కి రౌండ్‌లో చివరిది. పిక్‌లను టీములు ఇచ్చిపుచ్చుకుంటాయి కాబట్టి మీ టీమ్‌కి నిజంగా ఎన్ని ఉన్నాయో, ఏ నంబర్లో ఒక కాగితం మీద రాసుకోండి. రెండో రౌండ్ పిక్ ఎప్పుడో ట్రేడ్‌లో పోయిందని తెలియకుండా "మొదట టాకిల్, రెండో రౌండ్‌లో సేఫ్టీ" అని వాదించేవాళ్లు ప్రతి గ్రూపులోనూ ఒకరుంటారు (టాకిల్ లైన్ చివర కాపలా, సేఫ్టీ డిఫెన్స్ వెనక వరస కాపలా).

2. ఈ ఏడాది ఖాళీలు కాదు, రెండేళ్ల తర్వాతి ఖాళీలు రాయండి

డెప్త్ చార్ట్ (ఏ పొజిషన్‌లో ఎవరు ముందు, ఎవరు వెనక అన్న జాబితా) ముందు పెట్టుకుని ప్రతి స్టార్టర్ పేరు పక్కన రెండు అంకెలు వేయండి. ఒకటి వయసు, రెండోది కాంట్రాక్ట్ ఏ ఏడాదితో ముగుస్తుందో. కాంట్రాక్టుల వివరాలు ఓవర్ ద క్యాప్, స్పాట్రాక్ సైట్లలో దొరుకుతాయి. ఇలా రాశాక కనబడే ఖాళీలకూ, టీవీలో ఆట చూసి మనసులో పెట్టుకున్న ఖాళీలకూ పెద్దగా పోలిక ఉండదు.

2020 కౌబాయ్స్‌ని చూడండి. ఆ మార్చిలోనే రిసీవర్ (విసిరిన బంతి అందుకునేవాడు) అమారీ కూపర్‌కి ఐదేళ్లకు 10 కోట్ల డాలర్ల కాంట్రాక్ట్ ఇచ్చారు. అటు పక్క మైకేల్ గాలప్ అనే ఇంకో రిసీవర్ ఉన్నాడు. మరోవైపు కార్నర్‌బ్యాక్ బైరన్ జోన్స్ మయామీకి వెళ్లిపోయాడు. ఖాళీ ఎక్కడుందో చిన్నపిల్లాడైనా చెబుతాడు. అయినా 17వ పిక్‌లో సీడీ ల్యాంబ్ అనే రిసీవర్‌ని తీసుకున్నారు. రెండేళ్లు తిరక్కుండానే, 2022 మార్చిలో కూపర్‌ని క్లీవ్‌లాండ్‌కి పంపేశారు. అప్పటికి ల్యాంబ్ చేతికొచ్చాడు. కార్నర్‌బ్యాక్ మాటేమిటంటే, అదే డ్రాఫ్ట్ రెండో రౌండ్‌లో, 51వ పిక్‌లో, ట్రెవాన్ డిగ్స్‌ని పట్టారు. 2021లో 11 ఇంటర్‌సెప్షన్లతో (ప్రత్యర్థి విసిరిన బంతిని లాక్కోవడం) లీగ్‌లో మొదటి స్థానం అతనిదే.

3. పొజిషన్ ధర కట్టండి

2011కి ముందు డ్రాఫ్ట్‌లో మొదట వచ్చినవాడికి బేరమాడినంత జీతం. 2010లో మొదటి పిక్ శామ్ బ్రాడ్‌ఫర్డ్‌కి ఆరేళ్లకు 7.8 కోట్ల డాలర్లు ఒప్పుకున్నారు. మరుసటేడు కొత్త ఒప్పందం వచ్చి రూకీల (కొత్త ఆటగాళ్ల) జీతాలకు పట్టిక పెట్టడంతో మొదటి పిక్ క్యామ్ న్యూటన్‌కి దక్కింది నాలుగేళ్లకు 2.2 కోట్లు. అప్పటినుంచీ జీతం పిక్ నంబర్‌ని బట్టే, పొజిషన్‌ని బట్టి కాదు. 12వ పిక్‌లో వచ్చిన గార్డ్‌కీ (లైన్ మధ్యలో ఆడేవాడు) అంతే, ఎడ్జ్ రషర్‌కీ (అంచునుంచి దూసుకెళ్లి క్వార్టర్‌బ్యాక్‌ని పట్టేవాడు) అంతే.

పొజిషన్ వాదనకు అసలు ప్రాణం ఇక్కడుంది. బయట ఫ్రీ ఏజెన్సీలో (కాంట్రాక్ట్ ముగిసిన ఆటగాళ్ల బజారు) ఒక పొజిషన్ ధరకూ ఇంకో పొజిషన్ ధరకూ పొంతనే ఉండదు. క్వార్టర్‌బ్యాక్ డాక్ ప్రెస్కాట్‌కి 2024లో కౌబాయ్స్ ఒప్పుకున్నది ఏడాదికి సగటున 6 కోట్ల డాలర్లు. 2025లో ఎడ్జ్ రషర్ మైకా పార్సన్స్‌ని తీసుకున్న గ్రీన్ బే ఏడాదికి 4.7 కోట్ల లెక్కన ఇచ్చింది. ఆ ఏడాది ఒక టీమ్ జీతాలకు పెట్టిన మొత్తం పరిమితి, అంటే శాలరీ క్యాప్, 27.92 కోట్లు. కాబట్టి బయట కొంటే నడ్డివిరిగే పొజిషన్లను, అంటే క్వార్టర్‌బ్యాక్, ఎడ్జ్ రషర్, లెఫ్ట్ టాకిల్, రిసీవర్, కార్నర్‌బ్యాక్‌లను, పై రౌండ్లలో తెచ్చుకుంటే మిగిలే డబ్బు ఎక్కువ. రన్నింగ్ బ్యాక్ (బంతి పట్టుకుని పరిగెత్తేవాడు), సేఫ్టీ, మధ్యలో ఆడే లైన్‌బ్యాకర్ (డిఫెన్స్ లైన్ వెనక నిలబడేవాడు) బయట అంతకంటే చవగ్గా దొరుకుతారు.

ఈ లెక్క పక్కనపెడితే ఏమవుతుందో చెప్పడానికి అందరూ న్యూయార్క్ జెయింట్స్‌నే చూపిస్తారు, నేనూ అదే చూపిస్తాను. 2018లో వాళ్ల క్వార్టర్‌బ్యాక్ ఈలై మ్యానింగ్‌కి 37 ఏళ్లు. చేతిలో 2వ పిక్. తీసుకున్నది రన్నింగ్ బ్యాక్ సేక్వాన్ బార్క్‌లీని. కుర్రాడు బంగారం, ఆ ఏడాది ఆఫెన్సివ్ రూకీ అవార్డు కూడా కొట్టాడు. టీమ్ మాత్రం 5 గెలిచి 11 ఓడింది. అదే డ్రాఫ్ట్‌లో జాష్ ఆలెన్ 7వ పిక్‌లో, లమార్ జాక్సన్ 32వ పిక్‌లో వేరే టీములకు వెళ్లారు. 2024లో బార్క్‌లీ ఫిలడెల్ఫియాకి మారి, గట్టి లైన్ వెనకాల 2,005 గజాలు పరిగెత్తి సూపర్ బౌల్ గెలిచాడు. ఆటగాడిలో లోపం లేదు. ఆ టీమ్‌కి అప్పుడు కావాల్సింది అతను కాదు.

అయితే ఈ సూత్రాన్ని వేదవాక్కులా పట్టుకుని వేలాడకండి. 2023లో డెట్రాయిట్ లయన్స్ 12వ పిక్‌లో రన్నింగ్ బ్యాక్ జమీర్ గిబ్స్‌ని, 18వ పిక్‌లో లైన్‌బ్యాకర్ జాక్ క్యాంప్‌బెల్‌ని తీసుకుంటే లెక్కల మేధావులంతా దుమ్మెత్తిపోశారు. ఆ సీజన్‌లో టీమ్ 12 మ్యాచ్‌లు గెలిచి ఎన్‌ఎఫ్‌సీ (లీగ్‌లో ఒక సగం) ఫైనల్ దాకా వెళ్లింది. ఎందుకంటే క్వార్టర్‌బ్యాక్ గాఫ్, టాకిల్ సూవెల్, ఎడ్జ్ రషర్ హచిన్సన్, రిసీవర్ సెయింట్ బ్రౌన్ అప్పటికే ఇంట్లో ఉన్నారు. ఖరీదైన గదులన్నీ నిండిపోయిన ఇల్లు వాళ్లది. ముందు మీ టీమ్‌లో ఆ గదులు నిండాయో లేదో చూడండి.

4. ఇప్పుడు వదిలేస్తే తర్వాతి పిక్‌కి ఏం మిగులుతుంది?

నా మటుకు నాకు అన్నిటికంటే ముఖ్యమైన లెక్క ఇదే, జనం తక్కువ వేసేదీ ఇదే. ఒక్కో ఏడాది ఒక్కో పొజిషన్ పంట పండుతుంది. 2024లో మొదటి 12 పిక్‌లలో ఆరుగురు క్వార్టర్‌బ్యాక్‌లు వెళ్లారు. 2022లో మొదటి రౌండ్ మొత్తానికి ఒక్కడే, అదీ 20వ పిక్‌లో. మీకు కావాల్సిన రెండు పొజిషన్లకు రెండు వరసలు గీయండి. ప్రతి వరసలో మీ మొదటి పిక్ దగ్గర దొరికేలా కనబడేవాడి పేరు, రెండో పిక్ దగ్గర దొరికేలా కనబడేవాడి పేరు రాయండి. ఏ వరసలో ఇద్దరి మధ్య దిగుడు ఎక్కువో ఆ పొజిషన్ ముందు తీసుకోవాలి. ఏ పొజిషన్ ఎక్కువ అవసరమన్న ప్రశ్నకు ఇక్కడ చోటు లేదు.

దీని మీద ఇంతవరకూ జరిగిన గొడవల్లో 2021 సిన్సినాటి బెంగాల్స్‌దే నాకు పెద్దదిగా అనిపిస్తుంది. క్వార్టర్‌బ్యాక్ జో బరో 2020 నవంబర్‌లో మోకాలు విరగ్గొట్టుకున్నాడు. లైన్ అతన్ని కాపాడలేకపోతోంది. చేతిలో 5వ పిక్. బోర్డు మీద (ఇంకా ఎవరూ తీసుకోనివాళ్లలో) టాకిల్ పెనీ సూవెల్ ఉన్నాడు, కాలేజీలో బరోతో కలిసి ఆడిన రిసీవర్ జమార్ చేజ్ ఉన్నాడు. బతికుంటేనే కదా బంతి విసిరేది, సూవెల్ కావాలన్నారు కొందరు. బంతి త్వరగా వదిలేందుకు ఒకడుంటే దెబ్బలు తగ్గుతాయి, చేజ్ కావాలన్నారు ఇంకొందరు. టీమ్ చేజ్‌ని తీసుకుంది. లైన్ సంగతి రెండో రౌండ్‌లో చూద్దామనుకుంది.

చేజ్ ఆ ఏడాది 1,455 గజాలు, 13 టచ్‌డౌన్లు. బరో రెగ్యులర్ సీజన్‌లోనే 51 సార్లు సాక్ అయ్యాడు (బంతి విసిరేలోపే నేలకూలడం), లీగ్‌లో అందరికంటే ఎక్కువ. టెనెసీతో ప్లేఆఫ్‌లో ఒక్క మ్యాచ్‌లో తొమ్మిదిసార్లు నేలకూలినా గెలిచాడు. సూపర్ బౌల్‌లో ఇంకో ఏడుసార్లు. ఆ మ్యాచ్ చివర, మూడు పాయింట్ల వెనకంజలో, నాలుగో డౌన్‌కి (ఆఖరి ప్రయత్నం) ఒక గజం కావాలి. ప్రత్యర్థి రామ్స్ డిఫెన్స్ లైన్‌మన్ ఆరన్ డోనాల్డ్ మధ్యలోంచి దూసుకొచ్చి బరోని పట్టుకుని బొంగరంలా తిప్పేశాడు. తిరుగుతూనే విసిరిన బంతి ఎవరికీ అందకుండా నేలపడింది. స్కోరు 23-20.

సూవెల్ ఉండుంటే? ఈ ప్రశ్న నేటికీ నడుస్తోంది, ఎందుకంటే డెట్రాయిట్‌కి వెళ్లిన సూవెల్ లీగ్‌లోనే మేటి టాకిళ్లలో ఒకడయ్యాడు. నేనైతే చేజ్ వైపే. తప్పు 5వ పిక్‌లో జరగలేదు, రెండో రౌండ్‌లో జరిగింది. 38వ పిక్‌ని ట్రేడ్ చేసి 46కి దిగి అక్కడ తీసుకున్న లైన్‌మన్ జాక్సన్ కార్మన్ నిలదొక్కుకోలేకపోయాడు. మరుసటేడు బెంగాల్స్ ఫ్రీ ఏజెన్సీలో ముగ్గురు లైన్‌మన్లను డబ్బు పెట్టి తెచ్చుకుంది, వారిలో ఇద్దరు లైన్ మధ్యలో ఆడేవాళ్లు. లైన్‌మన్లను బజారులో కొనగలిగారు. చేజ్ లాంటివాణ్ని ఆ ధరకు ఏ బజారులోనూ కొనలేరు.

5. మీకంటే ముందున్నవాళ్ల పేర్లు కూడా రాయండి

మీ పిక్ 10 అయితే ముందున్న తొమ్మిది టీములకు ఏం కావాలో ఒక్కో మాటలో రాసుకోండి. క్వార్టర్‌బ్యాక్‌ల కోసం ఎగబడే టీములు ముందు ఎన్ని ఉంటే మీకంత మంచిది, మిగతా పొజిషన్లవాళ్లు కిందికి జారతారు. 2024లో మొదటి 14 పిక్‌లూ ఆఫెన్స్‌కే పోయాయి. డిఫెన్స్ ఆటగాళ్లలో మొదటివాడు లాయతు లాటు 15వ పిక్‌లో ఇండియానాపొలిస్‌కి దొరికాడు.

లెక్క తారుమారైతే ఏం చేయాలో కూడా ముందే అనుకోవాలి. 2021లో కౌబాయ్స్‌ది 10వ పిక్. కార్నర్‌బ్యాక్ కావాలి. జేసీ హార్న్ 8లో, పాట్రిక్ సర్టెయిన్ 9లో, కళ్లముందే ఇద్దరూ పోయారు. అప్పుడు మూడో కార్నర్‌బ్యాక్ కోసం వెంపర్లాడలేదు. ఫిలడెల్ఫియాకి 10 ఇచ్చి 12, 84 తీసుకున్నారు. 1990ల మొదట్లో కౌబాయ్స్ కోచ్ జిమ్మీ జాన్సన్ కాలంలో పుట్టిన పాయింట్ల పట్టిక ఇప్పటికీ వాడుకలో ఉంది. దాని ప్రకారం 10వ పిక్ విలువ 1,300, 12వది 1,200, 84వది 170. అంటే 70 పాయింట్లు లాభం. 12లో తీసుకున్న మైకా పార్సన్స్ మొదటి ఏడాదే 13 సాక్‌లు చేశాడు. అదృష్టం కూడా కలిసొచ్చిందనుకోండి, కాకపోతే దాన్ని అందుకునే చోట నిలబడ్డారు.

6. వాదనను షరతు రూపంలో రాయండి

"మనకి డిఫెన్సివ్ టాకిల్ కావాలి" (డిఫెన్స్ లైన్ మధ్యలో నిలబడేవాడు) అన్నది కోరిక. "ఫలానా ఇద్దరిలో ఒకరు మన పిక్ దాకా ఉంటే డిఫెన్సివ్ టాకిల్, లేకపోతే రిసీవర్, అదీ లేకపోతే వెనక్కి ట్రేడ్" అన్నది వాదన. పేర్లను మెట్లుగా విడగొట్టండి, ఒక మెట్టు మీద ముగ్గురో నలుగురో. ఒకే మెట్టు మీద ఇద్దరుంటే అవసరమున్న పొజిషన్‌వాణ్ని తీసుకోవచ్చు. అవసరం పేరు చెప్పి కింది మెట్టువాణ్ని మాత్రం పైకి లాగకూడదు. 2023లో రన్ ఆపే భారీకాయుడు కావాలని కౌబాయ్స్ 26వ పిక్‌లో మాజి స్మిత్‌ని (Mazi Smith) తెచ్చుకుంది. ఆ ఖాళీ అలాగే ఉండిపోయింది.

మార్కులు డ్రాఫ్ట్ రాత్రే వేయొద్దు. 2020లో ఆరన్ రాడ్జర్స్ ఉండగా గ్రీన్ బే పైకి ట్రేడ్ చేసి మరీ క్వార్టర్‌బ్యాక్ జోర్డన్ లవ్‌ని 26వ పిక్‌లో తీసుకుంటే నవ్వనివాడు లేడు. రాడ్జర్స్ ఆ ఏడాదీ, తర్వాతి ఏడాదీ ఎంవీపీ (సీజన్ మేటి ఆటగాడు) అయ్యాడు కూడా. 2023లో రాడ్జర్స్ వెళ్లిపోయాక ఆ కుర్చీలో కూర్చోడానికి మనిషి సిద్ధంగా ఉన్నాడు. మీరు రాసుకున్న షరతుల కాగితం దాచుకోండి, మూడో సీజన్ అయ్యాక తీసి చూడండి.

ఇక బంతిని తన్ని పాయింట్లు తెచ్చే కిక్కర్ల సంగతి. కిక్కర్ కోసం పై రౌండ్ పిక్ వాడాలని ఎవరైనా అంటే పై లెక్కలేవీ వేయనక్కర్లేదు. 2016లో టాంపా బే పైకి ట్రేడ్ చేసి రెండో రౌండ్‌లో, 59వ పిక్‌లో, రొబెర్టో అగ్వాయోని తెచ్చుకుని మరుసటేడే పంపించేసింది. కౌబాయ్స్ కిక్కర్ బ్రాండన్ ఆబ్రీ సాకర్ ఆడి, యూఎస్‌ఎఫ్‌ఎల్ అనే చిన్న లీగ్ మీదుగా వచ్చినవాడు. అతన్ని ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోనే లేదు.