లాక్ మాట బర్‌క్లీకి అంటగట్టకుండా

డిగ్రీలో ఆధునిక పాశ్చాత్య తత్వశాస్త్రం చదివేటప్పుడు ఎవరు ఏమన్నారో కలగాపులగమైపోతుంది. విడివిడిగా బట్టీ పడితే పరీక్షలో అస్సలు నిలవదు.

ఒక ఏ4 కాగితం అడ్డంగా పెట్టి, ఎడమ నుంచి తత్వవేత్త పేరు, ఆయన ముఖ్యమైన పుస్తకం అచ్చయిన ఏడాది రాయండి: డెకార్ట్ 1641, లాక్ 1689, బర్‌క్లీ 1710, హ్యూమ్ 1739, కాంట్ 1781. పక్కపక్క పేర్ల మధ్య బాణం గీసి, తర్వాతివాడు ముందువాడితో ఎక్కడ విభేదించాడో దాని మీద ఒకే వాక్యం రాయాలి. లాక్ దగ్గర ‘పుట్టుకతో వచ్చే భావాలు లేవు, జ్ఞానమంతా అనుభవం నుంచే’. బర్‌క్లీ దగ్గర ‘మనసుతో సంబంధం లేని జడపదార్థం లేనే లేదు’. ఆ వాక్యం మీ సొంత మాటల్లో ఉండాలి, గైడులోది ఎక్కించుకుంటే లాభం లేదు. మడిచి జేబులో పెట్టుకుంటే అమలాపురంలో బస్సెక్కి రావులపాలెం చేరేలోపు రెండుసార్లు తిరగేయొచ్చు.

ఒక్క జర్మన్ తత్వవేత్త లైబ్నిజ్ దగ్గర మాత్రం ఏడాది లెక్క తప్పుతుంది. లాక్‌కు ఆయన జవాబు 1704 ప్రాంతంలోనే రాసినా, అచ్చయింది 1765లో, ఇద్దరూ పోయాక. ఆయన్ని వరసలో పెట్టకండి. కింద విడిగా రాసి, లాక్ వైపు వేరే రంగుతో బాణం గీయండి.